సెగ చూపిన బిళ్ళలు

సాయంత్రం ఆరున్నరకు పురానాపూల్ దగ్గర బస్సు దిగి సందులోకి తిరిగితే శివయ్యకు రోజూ ఒకటే స్వాగతం. గడప బయట నిండు బకెట్, నీళ్ళ మీద తేలే నాలుగు వేపాకులు, పక్కన సబ్బుపెట్టె, దండెం మీద తువ్వాలు. గుమ్మానికి అడ్డంగా భార్య నీలమ్మ. నీళ్ళు పోసుకోకుండా ఆయన గడప దాటడానికి లేదు.

“రేడియేషన్ ఆఫీసుల పని చేసొచ్చి గట్లనే లోపలికొస్తవా?” అంటుందామె.

“నా మీద ఏం లేదే!” శివయ్య చొక్కా విప్పుతూనే మొదలుపెడతాడు. “ఆ బిళ్ళలకు కిరణాలు కొట్టేది మా దగ్గర గాదు, వేరే ఊర్ల. కొట్టినంక నెల రోజులు ఆడనే పెట్టి, మీటరుతోని చూసి, ఏం లేదని కాయితం రాసిచ్చినంకనే మాకు పంపుతరు. వాటిల ఏం మిగలదు. ఏం మిగలదంటే ఏం మిగలదు!”

“ఏం మిగలకపోతే కాయితం ఎందుకు రాస్తరు?”

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళుగా ఆమెది ఇదే ప్రశ్న. విసురుగా చెంబు ముంచి నెత్తిన గుమ్మరించుకుంటాడు. ఆ విసురుకు సగం నీళ్ళు పక్కింటి సుందరమ్మ గోడ మీద పడతాయి. ఆమెకు జుట్టు ఊడుతోంది. దానికి కారణం ఎవరో సందులో ఎవరిని అడిగినా చెబుతారు. ఆటో నడిపే రామలింగం మరీ దుర్మార్గుడు. “అన్నా, నువ్వు చీకట్ల మెరుస్తవంట గదా! మా మూల మీద లైటు పోయి వారమైంది, జర వచ్చి నిలబడు” అంటాడు నలుగురిలో.

శివయ్య కోపం నీళ్ళ మీద కాదు. వేసవిలో అవి ఆయనకు హాయిగానే ఉంటాయి. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని గురించి తాను చెప్పే మాట సొంత ఇంట్లో కూడా చెల్లకపోవడమే ఆయన బాధ. ఆఫీసులో ఆయన మాటకు ఎంత విలువ ఉందో వీళ్ళకేం తెలుసు?

విలువ ఉందన్న మాట అబద్ధం కాదు. చార్మినార్ దాటి ఇంకా దక్షిణానికి పోతే వచ్చే ఒక ప్రభుత్వ పరిశోధనశాలలో, పింగాణీ విభాగంలో, శివయ్య ఫర్నేస్ ఆపరేటర్. పింగాణీ అంటే కప్పులూ సాసర్లూ కాదు. అణు కేంద్రాల్లాంటి చోట్ల, ఇనుము కూడా తట్టుకోలేని వేడిలో పెట్టడానికి చేసే గట్టి పదార్థాలు. రూపాయి కాసంత బిళ్ళలుగా చేసి వాటిని రకరకాలుగా పరీక్షిస్తారు. వాటిని కడగడం, కాల్చడం, చల్లార్చడం శివయ్య పని.

ఆ పని ఆయనకు ఐటీఐ సర్టిఫికెట్ వల్ల వచ్చిందని కాగితాలు చెబుతాయి. శివయ్య ఒప్పుకోడు. తన తండ్రి నర్సింహ పురానాపూల్ కుమ్మరి. మూసీ ఒడ్డున ఆవం పెట్టి కూజాలు, ప్రమిదలు కాల్చినవాడు. ఇంటర్వ్యూ రోజున పెద్దాఫీసరు రెండు పింగాణీ గొట్టాలు చేతిలో పెట్టి, వీటిలో ఏది మంచిది అని అడిగితే శివయ్య గోటితో ఒక్కొక్కటి కొట్టి విని, “ఎడమ చేతిల దానికి లోపల పగులున్నది సార్” అన్నాడు. కోసి చూస్తే ఉంది. ఉద్యోగం అక్కడే ఖాయమైందని ఆయన నమ్మకం.

నర్సింహ కొడుక్కు ఆస్తిగా ఇచ్చినవి రెండు మాటలు. సెగ చూపించకుండా దేన్నీ ఆవంలో పెట్టకు. పెంకు లేచినదాన్ని మంచివాటితో కలిపి కాల్చకు. మొదటిది తడి గురించి. లోపల తడి ఉన్న కుండను ఒక్కసారి మంటలో పెడితే అది పగలడమే కాక పక్కవాటినీ పగలగొడుతుంది. అందుకని ముందు కాస్త సెగ తగలనివ్వాలి. తడీ మురికీ పోయాక అసలు కాల్పు. రెండోది కూడా అలాంటిదే. పెంకు లేచినది ఎప్పుడు విచ్చుకుంటుందో తెలియదు, పక్కన పెట్టాలి. ఈ రెండు మాటలూ పట్టుకుని శివయ్య ముప్పై ఏళ్ళు నెగ్గుకొచ్చాడు. ఆయన చేతిలో ఒక్క బిళ్ళ పగలలేదు. విభాగంలో ఎవరిని అడిగినా ఆ సంగతి ముందు చెబుతారు.

అలాంటి మనిషి మీదికి తెనాలి నుంచి మైథిలి అనే పిల్ల వచ్చి పడింది.

మైథిలి పరిశోధక విద్యార్థిని. ఇరవై ఎనిమిదేళ్ళు, గుండ్రటి కళ్ళజోడు, ప్రతిదానికీ ఒక ఫారం. ఆమె పని వినడానికి తేలిగ్గానే ఉంటుంది. పింగాణీ బిళ్ళలకు కిరణాలు కొట్టించాలి. వాటి మీద ఒక లోహపు పూత పలచగా పూయాలి. ఏడు వందల డిగ్రీల్లో ఇరవై గంటలు ఉంచాలి. తర్వాత పొరపొరగా గీకి చూసే యంత్రంలో పెట్టి, ఆ పూతలోని అణువులు బిళ్ళ లోపలికి ఎంత దూరం చొచ్చుకుపోయాయో కొలవాలి. కిరణాలు తగిలిన బిళ్ళలో అణువులు చాలా వేగంగా పోవాలని ఆమె లెక్క చెబుతోంది. తగలని బిళ్ళలో నత్తనడకే.

లెక్క అలా చెబుతోంది గానీ బిళ్ళ చెప్పడం లేదు. మొదటి విడతలో తగిలినదానికీ తగలనిదానికీ తేడా లేదు. రెండో విడతలో లేదు. మూడో విడత ఫలితం పోయిన సోమవారం వచ్చింది. అందులోనూ లేదు. కిరణాలు కొట్టే యంత్రం దగ్గర వంతు రావాలంటే మళ్ళీ ఏడాది ఆగాలి. విభాగాధిపతి శ్రీహరిరావు గారు ఆమెను పిలిచి, నెలాఖరులోగా ఏదో ఒకటి చూపించకపోతే ఈ అంశం మూసేసి కొత్తది మొదలుపెట్టమన్నారు. అంటే నాలుగేళ్ళ చదువు గంగలో కలిసినట్టే.

ఆ పిల్ల మీద శివయ్యకు జాలి లేకపోలేదు. కానీ ఆ జాలిని నిలవనిచ్చే మనిషా ఆమె? మంగళవారం పొద్దున్నే వచ్చి ఏమన్నదో వినండి.

“శివయ్య గారూ, ఏమనుకోకండి. మీ ఫర్నేస్ చూపించే వేడి నిజమో కాదో ఒకసారి సరిచూడాలండి.”

శివయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“నా ఫర్నేసా? మేడమ్, మీరు పుట్టకముందు నుంచి నడుస్తున్న ఫర్నేస్ అది! మీ లెక్క తప్పయితే లెక్క మంచిగ చేసుకోండ్రి, నా ఫర్నేస్ మీద పడుతరేంది?”

“తప్పు ఎక్కడో ఒకచోట ఉండాలి కదండీ. ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వస్తున్నాను. నా లెక్క పదిసార్లు చూశాను. ఇక మిగిలింది మీరు.”

మిగిలింది మీరు! ఈ మాట బస్సులో పత్తర్‌గట్టి దాటేదాకా ఆయన చెవిలో గింగురుమంది. అక్కడ ట్రాఫిక్ ఎప్పటిలాగే ఇరుక్కుంది. బట్టల దుకాణాల పైన మేడ మీది జూనియర్ కాలేజీ బోర్డు కిటికీలోంచి కనబడింది. కూతురు భాగ్యశ్రీ చదివేది అక్కడే. ఆమెకు ఫిజిక్స్ చెప్పే వంశీధర్ సారు కూడా ఒకప్పుడు ఈ పరిశోధనశాలలో విద్యార్థే. ఏడేళ్ళ కింద ఇదే కిరణాల పని పెట్టుకుని, ఏమీ తేల్చలేక, పట్టా లేకుండానే వెళ్ళిపోయాడు. మొన్న తల్లిదండ్రుల సమావేశంలో శివయ్య ఆయన భుజం తట్టి ఓదార్చాడు కూడా. “మీ తప్పేం లేదు సారు. చెయ్యి కుదురుండాలె. అది పుట్టుకతోని రావాలె” అన్నాడు. సారు నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడు ఈ పిల్లదీ అదే కథ. చదువులు ఎక్కువ, చేతి పనితనం సున్నా. పేరు చెడేది మాత్రం శివయ్య ఫర్నేస్‌ది.

బుధవారం మైథిలి ఇంకో విభాగం నుంచి వేడి కొలిచే తీగ అరువు తెచ్చింది. ఫర్నేస్‌లోకి దూర్చి రెండు గంటలు చూసింది. శివయ్య చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. తీగ చూపించిన వేడికీ ఫర్నేస్ చూపించిన వేడికీ తేడా రెండు డిగ్రీలు. ఏడు వందల్లో రెండు డిగ్రీలంటే లేనట్టే.

“చూసిండ్రా?” అన్నాడు శివయ్య.

“చూశానండి. సారీ.”

అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ గెలిచినవాడి నోరు ఎవరికి ఆగింది? శివయ్య బీరువా తాళం తీశాడు.

“మేడమ్, ఇంకొకటి గూడ చూడుండ్రి. నా పనిల తప్పు పట్టేటోళ్ళు గిది చూడాలె ముందు.” ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి, దూది విప్పి, అరచేతిలో ఒక బిళ్ళ పెట్టుకున్నాడు. ఒక అంచున పెంకు లేచి ఉంది. “మూడో విడతల ఒకటి పెంకు లేచి వచ్చిందని చెప్పిన గదా, గిదే. మా బాపు మాట ప్రకారం దీన్ని మంచివాటితోని కలపలే, పక్కకు పెట్టిన. రంగు చూడుండ్రి. మీ బిళ్ళలు ఎంత మురికి కొట్టుకొని వస్తయో, నేను మీకు ఎట్ల చేసి ఇస్తున్ననో!”

బిళ్ళ చాయ్ రంగులో ఉంది. పాలు తక్కువ పోసిన చాయ్.

మైథిలి దాని మీదికి వంగింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

“నాకు ఇచ్చినవన్నీ తెల్లగా ఉన్నాయి” అన్నది మెల్లగా.

“ఉండవా మరి! ఇది జిగురు మరక మేడమ్. ఆడ యంత్రంల అతికించేటప్పుడు అంటుకుంటది. స్పిరిట్‌కు పోదు, సబ్బుకు పోదు. తొమ్మిదొందల యాభైల రెండు గంటలు సెగ చూపిస్తే గప్పుడు పోతది. మల్లెపువ్వు లెక్కయితది. గప్పుడు మీకిస్త.”

“అన్నింటికీ చూపించారా?”

“అన్నిటికి.”

“లాగ్‌బుక్‌లో లేదే.”

“దాన్ల ఎందుకుంటది? వంట ఎట్ల చేసిన్నో రాయమంటే గిన్నె కడిగిన అని గూడ రాస్తరా?”

మైథిలి స్టూలు జరుపుకుని కూర్చుంది. అరవలేదు. అరిచి ఉంటే శివయ్య కూడా అరిచేవాడు, గొడవ సమంగా ఉండేది. ఆ బిళ్ళను అందుకుని వెలుతురుకు అటూ ఇటూ తిప్పి, బల్ల మీద పెట్టింది.

“పండగ ముందు రోజు పత్తర్‌గట్టిలో జనం ఎలా ఉంటారండి?” అన్నది చివరికి.

“ఇసుక పోస్తే రాలదు. కదలనీకి గూడ రాదు.”

“ఒకవేళ ఎవడో వచ్చి నలుగురిని ఎత్తి అవతల పడేశాడనుకోండి.”

“ఆడ జాగ అయితది.”

“ఆ జాగాలోకి పక్కవాడు జరుగుతాడు. అతని జాగాలోకి ఇంకొకడు. అప్పటిదాకా ఇరుక్కుపోయిన జనం కదలడం మొదలుపెడతారు. బిళ్ళ లోపల అణువులూ అంతే. కిరణం వచ్చి అణువుల్ని వాటి చోటు నుంచి తన్నేసి పోతుంది. కిరణం మిగలదు, మీరు చెప్పేది నిజమే. ఖాళీలు మిగులుతాయి. ఆ ఖాళీల వల్ల అణువులు ఎంత వేగంగా కదులుతాయో కొలవడమే నా నాలుగేళ్ళ పని. ఈ రంగు జిగురు కాదు, శివయ్య గారూ. ఇది ఆ ఖాళీల రంగు.”

శివయ్యకు అర్థం కావడం మొదలైంది. మొదలవడమే ఆయనకు నచ్చలేదు.

“మరి సెగ చూపిస్తే?”

“తన్నేసినవాళ్ళందరూ మళ్ళీ తమ తమ చోట్లకు వచ్చేస్తారు. ఎక్కడివాళ్ళు అక్కడ. కిరణాలు తగలని కొత్త బిళ్ళ తయారవుతుంది. నేను మూడు విడతలూ కొత్త బిళ్ళనీ కొత్త బిళ్ళనీ పక్కపక్కన పెట్టి తేడా ఏదని ఏడ్చాను.”

శివయ్యకు ముందు సిగ్గు రావలసింది. కానీ కోపమే వచ్చింది, అది అలవాటైన దారి గనక.

“రంగు ఉండాలెనని నాకు ఎవరన్న చెప్పిన్రా? మీ ఫారంల ఏం రాసిన్రు? ‘క్లీన్ చేసి ఇవ్వగలరు’ అని రాసిన్రు. క్లీన్ చేసిచ్చిన! ఇన్నేండ్ల సంది ఒక్క సైంటిస్టు గూడ కిందికి వచ్చి, శివయ్యా, గీ బిళ్ళ సంగతి గిది అని చెప్పిన పాపాన పోలే. పెట్టు, తియ్యి, సంతకం పెట్టు, గంతే!”

“మీరు సెగ చూపిస్తారని మీరు మాత్రం ఎవరికి చెప్పారండి?” మైథిలి గొంతు మొదటిసారి పెరిగింది. “డబ్బా నేరుగా మీ దగ్గరికి వస్తుంది. తెరిచేది మీరు. నేను ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ముందు చూసి ఉంటే!”

ఇద్దరూ చెరో గోడ వైపు తిరిగారు. ఇద్దరిలో ఎవరి మాటా తప్పు కాదు. అందుకే గొడవ తెగలేదు. మధ్యలో బల్ల మీద పెంకు లేచిన బిళ్ళ. సెగ తగలకుండా మిగిలింది అదొక్కటే.

గురువారం మైథిలి దాన్ని స్పిరిట్‌తో మాత్రం తుడిచి, పూత పూసి, కిరణాలు తగలని ఇంకో బిళ్ళతో కలిపి కిందికి తెచ్చింది. వేరే ఎవరితోనైనా చేయించుకుంటుందని శివయ్య అనుకున్నాడు. ఆమె ట్రే ఆయన చేతికే ఇచ్చింది.

“ఏడు వందలు, ఇరవై గంటలు. ముందు ఏమీ వద్దు” అన్నది. “మీ చేతిలో పగలదని అందరూ అంటారు.”

సెగ చూపించకుండా, మురికిగా కనబడేదాన్ని, అంచు లేచినదాన్ని మంచిదాని పక్కన పెట్టి కాల్చడం. తండ్రి బతికి ఉంటే చెయ్యి విరగ్గొట్టేవాడు. శివయ్య ట్రేను వేలెడు వేలెడు చొప్పున లోపలికి జరిపాడు. తలుపు మూసి, నిమిషానికి రెండే డిగ్రీలు పెరిగేలా పెట్టి, మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పకుండా అక్కడే కూర్చున్నాడు. ఇంటికి వెళ్ళినా మనసు ఫర్నేస్‌లోనే ఉంది. నీలమ్మ బకెట్ చూపిస్తే వాదించకుండా నీళ్ళు పోసుకున్నాడు. ఆమె భయపడి, “ఒంట్ల మంచిగున్నదా?” అని అడిగింది.

శనివారం పొద్దున చల్లారాక తీస్తే బిళ్ళ చెక్కుచెదరకుండా ఉంది. గీకి చూసే యంత్రం నుంచి ఫలితం రావడానికి ఇంకో ఐదు రోజులు పట్టింది. ఈలోగా ఒకరోజు రామలింగం లైటు సంగతి మళ్ళీ ఎత్తితే, “నోరు ముయ్యి” అన్నాడు.

గురువారం సాయంత్రం మైథిలి మెట్ల మీద నుంచి పరుగెత్తుకుంటూ దిగింది. చేతిలో కాగితం.

“నలభై రెట్లండి! కిరణాలు తగిలినదాంట్లో నలభై రెట్ల వేగంగా పోయాయి. నా లెక్కలో ముప్పై ఎనిమిది వచ్చింది!” అంటూ ఏడుస్తూ నవ్వింది. పెంకు బిళ్ళ పుణ్యమా అని ఆ పిల్ల నాలుగేళ్ళు నిలబడ్డాయి. శివయ్య ఆమె తల మీద చెయ్యి పెట్టాలనుకుని, పెట్టే అర్హత ఉందో లేదోనని తీసేసుకున్నాడు.

శ్రీహరిరావు గారు నవ్వలేదు. శివయ్యను నిలబెట్టి, “నా డిపార్ట్‌మెంట్లో కాగితం మీద లేని పని ఒకటి ముప్పై ఏళ్ళుగా నడుస్తోందా, శివయ్యా?” అన్నారు. “అమ్మాయి మూడు విడతల గురించీ జరిగింది జరిగినట్టు రాసివ్వు. ఇకనుంచి గిన్నె కడిగినా రాయాలి.” వంట మాట ఆయన దాకా చేరిందన్నమాట.

రాయడానికి తారీఖులు కావాలి. శివయ్య పాత లాగ్‌బుక్కులు దించి దుమ్ము దులిపి తిరగేశాడు. మైథిలివి మూడు విడతలు దొరికాయి. రాసుకున్నాడు. వేలు అక్కడితో ఆగలేదు. పేజీలు వెనక్కి తిరుగుతూనే ఉన్నాయి. ఏడేళ్ళు వెనక్కి పోయేసరికి ఒక పేరు కనబడింది. వంశీధర్. కిరణాలు కొట్టిన బిళ్ళలు, ఐదు విడతలు. ప్రతి వరస చివరా తన సంతకం. ఒక్క వరసలోనూ సెగ మాట లేదు.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. సెగ చూపించాడా? అది అడగవలసిన ప్రశ్నేనా? ముప్పై ఏళ్ళలో ఆయన సెగ చూపించనిది ఏది?

ఐదు విడతలు. ఎంత మంచి పిల్లవాడు! చివరి రోజుల్లో గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి, ఫర్నేస్ ముందు బెంచీ మీద కూర్చుని ఉండేవాడు. తాను పక్కన కూర్చుని, చెయ్యి కుదరలేదని చెప్పాడు. మొన్న మొన్న కూడా చెప్పాడు, భుజం తట్టి మరీ.

శ్రీహరిరావు గారు అడిగింది మూడు విడతల గురించే. నాలుగో వరస రాయమని ఎవరూ అనలేదు. ఏడేళ్ళ కిందటి సంగతి, మనిషి ఎక్కడో పాఠాలు చెప్పుకుంటున్నాడు, పెళ్ళయింది, పిల్లలున్నారు. తవ్వితే ఎవరికి లాభం? శివయ్య పెన్ను మూత పెట్టాడు. కాసేపటికి తనను తానే, “థూ” అనుకుని మూత తీశాడు. ఐదు విడతలూ తారీఖులతో సహా రాశాడు. రెండు ప్రతులు తీశాడు.

శనివారం మధ్యాహ్నం సెలవు పెట్టి పత్తర్‌గట్టిలో దిగాడు. బట్టల దుకాణాల పిలుపులు, హారన్లు, తోసుకుపోయే జనం. మేడ మెట్లెక్కి స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడ్డాడు. వంశీధర్ ఒక్కడే కూర్చుని జవాబు పత్రాలు దిద్దుతున్నాడు.

“రండి శివయ్య గారూ, కూర్చోండి. భాగ్యశ్రీకి ఈసారి బాగానే వచ్చాయి.”

“బిడ్డ కోసం రాలే సారు.” శివయ్య కూర్చోలేదు. దారి పొడుగునా కూడబలుక్కున్నది అంతా మరిచిపోయి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. జిగురు అనుకోవడం, సెగ, మైథిలి, పెంకు బిళ్ళ, నలభై రెట్లు. చివర్న, “మీ ఐదు విడతలు గూడ గట్లనే చేసిన సారు” అన్నాడు.

వంశీధర్ చేతిలో ఎర్ర పెన్ను జవాబు పత్రం మీద ఆగిపోయింది. ఆ ఆగినచోట సిరా చుక్క పెద్దదవుతోంది.

“ఎంత వేడి?”

“తొమ్మిదొందల యాభై.”

“ఎంతసేపు?”

“రెండు గంటలు.”

ఆయన ఒక ప్రశ్నపత్రం వెనక్కి తిప్పి ఏవో అంకెలు వేశాడు. కొట్టేశాడు. మళ్ళీ వేశాడు. ఏడేళ్ళయినా చెయ్యి తడుముకోలేదు. చివరి అంకె కింద గీత గీసి దాన్నే చూశాడు.

“ఏమీ మిగలదు” అన్నాడు. “రెండు గంటల్లో ఒక్క ఖాళీ మిగలదు.” ఆ తర్వాత పెన్ను బల్ల మీద పడేశాడు. “అంటే నా లెక్క తప్పు కాదు. ఏడేళ్ళు, శివయ్య గారూ! రాత్రీ పగలూ తప్పు ఎక్కడుందని వెతికాను. చెయ్యి కుదరదన్నారు. మా నాన్న కూడా అదే అన్నాడు. నేనూ అదే నమ్మాను. ల్యాబ్ వైపు పోకుండా పిల్లలకు పుస్తకంలోది చదివి చెబుతున్నాను, ప్రయోగం చేసి చూపించాలంటే చెయ్యి వణుకుతుందని!”

శివయ్య కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. “తారీఖులు గూడ రాసిన సారు. శ్రీహరిరావు సార్‌కు ఒకటిచ్చిన. ఇది మీది. మీ చెయ్యి మంచిదే. కుదురు లేనిది నాది.” క్షమించమనే మాట నాలుక దాకా వచ్చింది గానీ దాని సైజు ఈ పనికి సరిపోదనిపించి మింగేశాడు.

వంశీధర్ కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివాడు. బెల్లు మోగింది. వరండాలో పిల్లల అరుపులు మొదలయ్యాయి. ఆయన కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, చాక్‌పీసులు అందుకుని గుమ్మం దాటాడు. శివయ్య తల వంచుకుని నిలబడ్డాడు. నాలుగు అడుగులు వేసి వంశీధర్ వెనక్కి వచ్చాడు.

“ఆ పెంకు బిళ్ళ, కాల్చకముందు, ఏ రంగులో ఉంది?”

“చాయ్ రంగు సారు. పాలు తక్కువ పోస్తే ఎట్లుంటదో గట్ల.”

“నేను ఒక్కసారి కూడా చూడలేదు” అన్నాడు వంశీధర్. “నావన్నీ తెల్లగానే ఉండేవి. ఎంత శుభ్రంగా ఇస్తున్నారోనని మీకు థాంక్స్ కూడా చెప్పాను.”

అవును, చెప్పాడు. శివయ్యకు బాగా గుర్తుంది. ఆ రోజు సాయంత్రం బకెట్ పక్కన నిలబడి, తడి తువ్వాలుతోనే, ఆ మాట నీలమ్మకు రెండుసార్లు చెప్పుకున్నాడు.